వద్దన్న వకాల్తా

ఆదిశేషమ్మది పెద్ద గొంతు. వరికుంటపాడు వైపు కొండవారన ఉండే ఆ ఊళ్లో, వాగుకు అవతల మేసే గొర్రెల్ని ఇవతలి గట్టు మీద నుంచే కేకేసి మళ్లించగల మనిషి ఆమె. మనసులో మాట దాచుకోదు. పాలకేంద్రంలో కొలత తేడా వస్తే అక్కడికక్కడే దులిపేస్తుంది. రేషన్ బండి వాడు ఆమెను చూస్తే జాగ్రత్తగా తూకం వేస్తాడు. అలాంటి ఆడమనిషి ఆత్మకూరులో లాయరు గది ముందు చెప్పులు విడిచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా గోడకు ఆనుకుని నిలబడేది. పిలిచాక కూడా నోరు పెగిలేది కాదు. వచ్చేటప్పుడు బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ ఆ గడప దగ్గరే జారిపోయేవి.

ఆమె మొగుడు ఓబులయ్య జైల్లో ఉన్నాడు.

ఓబులయ్య తన గొర్రెలు మేపుకుంటూనే రాజమోహన్ చేలకు కాపలా ఉండేవాడు. రాజమోహన్ ఆ ఊరికి పెద్ద. అతని తండ్రి కాలం నుంచీ ఊరి తగాదాలు వాళ్ల అరుగు మీదే తెగుతాయి. ఏ పార్టీ వాళ్లు ఓట్లకు వచ్చినా ముందు ఆ ఇంట్లో కాఫీ తాగి గాని వీధుల్లోకి అడుగు పెట్టరు. ఓబులయ్య నాయన కూడా ఆ ఇంటి పనిలోనే ముసలివాడైనాడు.

ఆ ఏడు కొండ మీది నుంచి అడవి పందులు మందలుగా దిగి శనక్కాయ చేను తవ్విపోస్తుంటే, రాజమోహన్ ఉదయగిరి నుంచి మోటార్ల మెకానిక్కును పిలిపించి, బోరు స్టార్టర్ దగ్గర నుంచి చేను చుట్టూ కరెంటు తీగ లాగించాడు. పొద్దు గుంకగానే స్విచ్చి వేయడం, తెల్లారి తీసేయడం ఓబులయ్య పని.

"ఎవురికన్నా తగిలితే ఎట్టయ్యా?" అని ఒకసారి భయంభయంగా అడిగాడు.

"ఆ యాళప్పుడు మన చేలోకి ఎవుడొస్తాడురా? చెప్పిన పని చెయ్యి" అన్నాడు రాజమోహన్.

వచ్చాడు. పక్కూరి పెంచలయ్య, మేతకు పోయి ఇల్లు చేరని ఎనుమును వెతుక్కుంటూ మసక వెలుతురులో గట్టు దిగాడు. ఓబులయ్య స్విచ్చి వేసి ఇంకా పొగాకు కూడా నలుపుకోలేదు, చేను అవతల నుంచి ఒక్క అరుపు వినిపించింది. స్విచ్చి తీసి పరుగెత్తేసరికి మనిషి పోయి ఉన్నాడు.

పోలీసులు వచ్చారు. స్విచ్చి వేసిందెవరంటే "నేనే సార్" అన్నాడు ఓబులయ్య. అది నిజమే. తర్వాత రాజమోహన్ అక్కడికి వచ్చి, ఇన్‌స్పెక్టరును పక్కకు తీసుకుపోయి చాలాసేపు మాట్లాడాడు. జీపు ఎక్కింది మాత్రం ఓబులయ్య ఒక్కడే.

మర్నాడు రాజమోహన్ ఆదిశేషమ్మ ఇంటికి వచ్చాడు. ఆ మనిషి ఆ గుమ్మం ముందు నిలబడడం అదే మొదలు.

"నువ్వు దిగులు పడబాక. ఆత్మకూరులో నాగేంద్రబాబని పెద్ద లాయరుండాడు, మన మనిషే. ఆయన్ని పెట్టినాను. నువ్వు పైసా తియ్యొద్దు. ఓబులును బైటికి తెచ్చే పూచీ నాది."

ఆదిశేషమ్మ ఏడుస్తూ చేతులెత్తి మొక్కింది. ఆ దండం గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు చిరచిరలాడుతుంది.

నాగేంద్రబాబు చూడ్డానికి మంచి మనిషి. నల్లకోటు ఎప్పుడూ ఇస్త్రీ మడత చెదరదు. లోపలికి పిలిచి, కూర్చోమని, మంచినీళ్లు ఇప్పించేవాడు. "గొర్రెలు బాగుండాయా అమ్మా? బిడ్డ చదువు ఎట్ట సాగుతుండాది?" అని అడిగేవాడు. వాళ్ల కూతురు సుస్మిత నెల్లూరు హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతున్నట్టు ఆయనకు గుర్తే. ఇంత పెద్ద మనిషి ఇంత ఆదరంగా మాట్లాడుతుంటే, బెయిలు సంగతి గట్టిగా అడగడానికి ఆమెకు మొహమాటం అడ్డం పడేది.

"బెయిలు పిటిషన్ వేసినాం అమ్మా. వాయిదా పడింది."

తర్వాతిసారి పోతే జడ్జి గారు సెలవు. ఆ తర్వాత ప్రభుత్వ లాయరు కౌంటరు వెయ్యలేదు. ఆ పైన పోలీసుల దగ్గర నుంచి కేసు డైరీ రాలేదు. ప్రతిసారీ ఒక కొత్త మాట, ప్రతి మాటా నమ్మేట్టే ఉండేది. "భయపడితే ఎట్టమ్మా? మేముండేది దేనికి?" అని పంపించేవాడు. ఆమె మళ్లీ ఉదయగిరి బస్సు ఎక్కేది.

ఇంటి దగ్గర ఆమెకు తిండి సయించేది కాదు. కొంగున కట్టుకున్న ఫోను మోగితే చేతిలో పని వదిలేసి తీసేది, మోగకపోతే అది పనిచేస్తున్నదో లేదో అని మాటిమాటికీ తీసి చూసుకునేది. గొర్రెలు ఎవరి చేలో పడ్డాయో కూడా గమనించకుండా నిలబడిపోయేది. సుస్మిత ఫోను చేసి "అమ్మా, నాయన ఎప్పుడొస్తాడు?" అంటే "వచ్చే వాయిదాకి" అనేది. లాయరు తనకు చెప్పిన మాటే తాను బిడ్డకు చెబుతున్నానని ఆమెకు అప్పుడు తోచలేదు.

ఒకసారి జైలుకు ములాఖత్‌కు పోయినప్పుడు, జాలీకి అవతల నుంచి ఓబులయ్య ఒక మాట అన్నాడు. "లాయరు సారు వచ్చిపోయినాడు మే. జడ్జి అడిగితే నేరం ఒప్పుకోమన్నాడు. తెలియక చేసినా, తీగ కూడా నేనే కట్టినా, క్షమించండి సామీ అనమన్నాడు. అట్టయితే తక్కువ శిక్షతో పోతాదంట."

"తీగ నువ్వు కట్టినావా?"

ఓబులయ్య తల అడ్డంగా ఊపాడు.

"మరి అయ్య పేరు?"

"ఆయన పేరు ఎత్తితే కేసు ముదురుతుందన్నాడు."

చుట్టూ నలుగురైదుగురు అరిచి మాట్లాడుకుంటున్నారు. తాను సరిగ్గా విన్నదో లేదో తెలియక ఆదిశేషమ్మ మళ్లీ అడగబోయింది. టైమైపోయిందన్నారు. బెయిలు పిటిషన్ వేసిన లాయరు నేరం ఒప్పుకోమని ఎందుకంటాడు? ఆమె దారి పొడుగునా అదే ఆలోచన చేసింది. పెద్ద చదువు చదివినాయన, ఏదో ఉపాయం ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది. కానీ గుబులు మాత్రం తగ్గలేదు.

ఆ గుబులు ఏమిటో చెప్పింది, ఆమె ఈ లోకంలో ఎవరి మొహం చూడడానికి భయపడుతున్నదో ఆ మనిషే. చచ్చిపోయిన పెంచలయ్య పెళ్లాం శీనమ్మ.

ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు ముందుకు జరగమని కేకలేస్తుంటే ఆదిశేషమ్మ ఖాళీగా కనపడిన సీట్లో కూలబడింది. పక్కకు చూస్తే శీనమ్మ. నుదుట బొట్టు లేదు, మొహం పీక్కుపోయి ఉంది. ఆదిశేషమ్మ లేవబోయింది.

"కూర్చో" అంది శీనమ్మ. "నీ కోసమే వద్దామనుకుంటుండా."

ఇప్పుడు తిడుతుంది, శాపనార్థాలు పెడుతుంది అనుకుంది ఆదిశేషమ్మ. పెడితే పడాల్సిందే అనుకుని తల వంచుకుంది. బస్సు ఊరు దాటింది. శీనమ్మ కిటికీ వైపు చూస్తూనే అడిగింది.

"నాగేంద్రబాబు మీ లాయరే కదా?"

"అవునక్కా."

"మరి మా ఇంటికెందుకొచ్చినాడు?"

ఆదిశేషమ్మకు అర్థం కాలేదు.

"రాజమోహనయ్య కార్లో ఇద్దరూ కలిసి వచ్చినారు. 'తీగ కాపలావోడు సొంత తెలివితో పెట్టినాడు, చేను ఆసామికి తెలియదు అని నువ్వు కోర్టులో చెప్పు. నీ బిడ్డల చదువులు అయ్య చూసుకుంటాడు' అన్నాడు ఆ లాయరు. నేనేమీ చెప్పలా. అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. మీ లాయరు మీ ఆయన మీద సాక్ష్యం చెప్పమని నన్నడగడమేంది? నేను సదువుకోలా. నీకేమన్నా తెలుసా?"

 వింజమూరు ఎప్పుడు దాటారో ఆదిశేషమ్మకు తెలియలేదు. దిగేటప్పుడు మాత్రం శీనమ్మ చెయ్యి పట్టుకుని, "అక్కా, స్విచ్చి వేసింది మా ఆయనే. అది నేను కాదనను. తీగ పెట్టిచ్చింది మాత్రం ఆయన కాదు" అంది.

"నాకు తెలుసు" అంది శీనమ్మ. "మా ఇంటాయన రాజమోహనయ్య చేలో ఉదయగిరి మెకానిక్కును చూసినానని ముందే చెప్పినాడు."

మర్నాడే ఆదిశేషమ్మ ఇంకో లాయరును వెతుక్కుంటూ ఆత్మకూరు పోయింది. మొదట కలిసినాయన సాంతం విని, "వకాల్తా ఎవరిది?" అన్నాడు. నాగేంద్రబాబు పేరు వినగానే కలం మూతపెట్టేశాడు.

"ఆయన నో అబ్జెక్షన్ రాసిస్తే గాని మేం ముట్టుకోమమ్మా. ఆయన వదలాల, అప్పుడు ఇంకొకరు రావాల. అది మా పద్ధతి."

"ఆయన మోసం చేస్తుంటే ఎట్ట వదుల్తాడు సార్?"

"మోసమనే మాట ఈడ అనబాక. రేపు పొద్దున లేస్తే మేమూ మేమూ ఒకే హాల్లో కూర్చోవాల."

రెండో ఆయనా అదే మాట. ఇంకొకాయన ఆమెను బయట కూర్చోబెట్టి లోపల ఎవరికో ఫోను చేశాడు. ఆ ఫోను ఎవరికి పోయిందో ఆమెకు సాయంత్రానికి తెలిసింది. రాజమోహన్ మనిషి ఇంటికి వచ్చి, "సారు శానా బాధపడినాడు. అంత చేస్తే ఇదా మీరు చేసేది?" అనిపోయాడు. మరుసటి రోజు రాజమోహన్ బోరు దగ్గర గొర్రెలు నీళ్లు తాగే తొట్టి ఎండిపోయి ఉంది. కంచెకు తాళం పడింది. ఆమె మందను ఎండలో వాగు మడుగుదాకా తోలుకుపోవాల్సి వచ్చింది.

అయినా ధైర్యం చేసి నాగేంద్రబాబు దగ్గరికే పోయి అడిగింది. ఈసారి కూర్చోమనలేదు, నీళ్లు రాలేదు.

"ఎవురు ఎక్కిచ్చినారు నీకు?"

"ఎవురూ ఎక్కియ్యలా సార్. మీరు శీనమ్మ ఇంటికి పోయినారంట."

ఆయన రెప్ప కూడా వేయలేదు. "రాజీ కోసం పోయినాను. నీ మొగుడి మంచి కోసమే. వకాల్తా మీద సంతకం పెట్టింది నీ మొగుడు, నువ్వు కాదు. వచ్చే వాయిదాకి కేసు ముగిసిపోతాది. మధ్యలో చెడగొట్టుకున్నావంటే పదేళ్లు లోపలే ఉంటాడు. ఆ పాపం నీదే."

ఆమె మెట్లు దిగింది. ఆయన చెప్పిందే నిజమైతే? శీనమ్మకు మా మీద పగ ఉండదా, కావాలనే ఇలా చెప్పి ఉంటే? నేను అడ్డం పడి, మొగుడు నిజంగానే పదేళ్లు లోపల ఉంటే, సుస్మిత మొహం ఎలా చూడాలి? ఎటు అడుగేసినా అది తప్పటడుగేమో అనిపించింది. కోర్టు గోడ పక్క టీ బంకు దగ్గర బల్ల మీద కూర్చుని, ఎవరున్నారని కూడా చూడకుండా ఏడ్చేసింది.

అక్కడ టీ తాగుతున్న ఒక ఆడ లాయరు గ్లాసు పక్కన పెట్టి ఆమె దగ్గరికి వచ్చింది. పేరు ప్రమీలారాణి. ఆదిశేషమ్మ చెప్పిందంతా విన్నాక, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నేను ఆయన దగ్గరే జూనియర్‌గా చేసినానమ్మా. మీ కేసు తెలుసు. ఇంతవరకు బెయిలు పిటిషనే వెయ్యలేదు."

"వాయిదాలు పడుతుండాయన్నాడే!"

"వేస్తే కదా పడేది. పోలీసులు గడువులోగా చార్జిషీటు కూడా వెయ్యలేదు. గడువు దాటిన రోజు ఒక్క కాగితం కోర్టులో ఇచ్చుంటే మీ ఆయనకు బెయిలు హక్కుగా వచ్చుండేది. కావాలనే దాటబెట్టినారు. ఇప్పుడు చార్జిషీటు వచ్చేసింది, మీ ఆయన పేరు ఒక్కటే ఉండాది అందులో."

ఆదిశేషమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెయ్యి తల్లీ ఈ కేసు."

ప్రమీలారాణి చెయ్యి విడిపించుకోలేదు గాని, తల అడ్డంగా ఊపింది. "నేను ఈ కోర్టులోనే బతకాల. కానీ ఒకటి చెప్తా, నేను చెప్పినట్టు ఎక్కడా అనబాకండి. ఆయన రాసిచ్చినా ఇయ్యకపోయినా, ముద్దాయే నిలబడి ఈ లాయరు వద్దంటే జడ్జి గారు మార్చొచ్చు. లీగల్ ఎయిడ్ నుంచి లాయరును ఇమ్మని అడగొచ్చు. కానీ ఆ మాట మీ ఆయన నోట్లోంచే రావాల. నేరం ఒప్పుకోక ముందే రావాల. ఒప్పుకున్నాక ఎవురూ ఏం చెయ్యలేరు."

వాయిదాకు ముందు ఒక్క ములాఖతే మిగిలింది. ఆదిశేషమ్మ జాలీకి మొహం ఆనించి, వినపడాల్సిన వాళ్లకే వినపడేట్టు శీనమ్మ చెప్పిందీ, ప్రమీలారాణి చెప్పిందీ గబగబా చెప్పేసింది. ఓబులయ్య గడ్డం పెరిగిపోయి ముసలివాడిలా ఉన్నాడు. కోపం వస్తుందనుకుంది. రాలేదు.

"ఆ ఇంటి కూడు తిన్నాం మే, మా నాయన కాలం నుంచి."

"తిన్నాం. ఊరికే తిన్నామా? చాకిరీ చెయ్యలా?"

"స్విచ్చి వేసింది నేనే కదా. ఆ అరుపు నాకు రోజూ వినిపిస్తుండాది. శిక్ష పడితే పడనీలే. ఎవురి మీదికో తోసి నేను బైటికి రావడం దేనికి?"

ఈ మాటకు ఆదిశేషమ్మ సిద్ధపడి రాలేదు. మొగుడు అమాయకుడని, భయపడుతున్నాడని అనుకుందే గాని, శిక్ష కోరుకుంటున్నాడని అనుకోలేదు.

"తొయ్యమనలా" అంది చివరికి. "స్విచ్చి నువ్వు వేసినావు, ఆ మాట చెప్పు. ఎవురు వెయ్యమన్నారో అది కూడా చెప్పు. రెండూ చెప్పు. శీనమ్మకు నువ్వు చెయ్యగలిగింది అదొక్కటే. సగం చెప్పి సగం మింగితే ఆమె మొగుడు చచ్చింది దేనికో కూడా ఎవురికీ తెలియకుండా పోతాది."

వార్డరు వచ్చి టైమైందన్నాడు. ఓబులయ్య లోపలికి పోయాడు.

వాయిదా రోజు కోర్టు హాల్లో జనం కిటకిటలాడుతున్నారు. ఫ్యాన్లు తిరుగుతున్నా ఆదిశేషమ్మకు వీపంతా చెమట. వెనక బెంచీలో ఒక చివర ఆమె, ఇంకో చివర శీనమ్మ. తలుపు దగ్గర రాజమోహన్ మనిషి ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కో కేసు పిలుస్తున్నారు. పిలిచినప్పుడల్లా అది తమదేననుకుని ఉలిక్కిపడింది. 

ఓబులయ్య పేరు పిలిచారు. ఇద్దరు కానిస్టేబుళ్లు అతన్ని బోనులోకి తెచ్చారు. జడ్జి గారు చార్జిషీటులో సంగతి తెలుగులో చదివి చెప్పి, "అర్థమైందా? నేరం ఒప్పుకుంటున్నావా?" అని అడిగారు.

ఓబులయ్య నాగేంద్రబాబు వైపు చూశాడు. నాగేంద్రబాబు తల ఊపాడు. ఓబులయ్య తలుపు వైపు చూశాడు. తర్వాత బెంచీల వైపు చూశాడు. ఆదిశేషమ్మను చూశాడో, శీనమ్మను చూశాడో. అతని పెదవులు కదిలాయి గాని మాట ఎవరికీ వినిపించలేదు.

"ఒప్పుకుంటున్నాడు సార్" అన్నాడు నాగేంద్రబాబు ముందుకు జరిగి. "పేదవాడు, తెలియక చేసినాడు. శిక్ష విషయంలో దయ చూపమని..."

"ఆయన ఒప్పుకోలా సామీ! ఆయన మాట వినండి!"

వాగు అవతలికి వినపడే గొంతు అది. హాలంతా తిరిగి చూసింది. కోర్టు అమీను "ఏయ్, కూర్చో" అన్నాడు. ఆదిశేషమ్మ కూర్చోలేదు.  ఇక తనను కూడా జైల్లో వేస్తారు, సుస్మితకు ఎవరూ లేకుండా పోతారు అనుకుంది.

జడ్జి గారు ఆమె వైపు ఒకసారి చూసి, నాగేంద్రబాబును ఆగమన్నట్టు చెయ్యెత్తారు. "నువ్వు చెప్పు" అన్నారు ఓబులయ్యతో. "గట్టిగా చెప్పు."

"ఈ లాయరు నాకు వద్దు సామీ" అన్నాడు ఓబులయ్య. "స్విచ్చి నేనే వేసినాను. తీగ నేను కట్టలా. ఎవురు కట్టిచ్చినారో చెప్పబాకన్నాడు ఈ సారు. నేను చెప్తాను. ఇంకొక లాయరును ఇయ్యండి సామీ."

నాగేంద్రబాబు నవ్వాడు. "గొర్రెలు కాసుకునేవాళ్లు సార్, ఎవరో ఎక్కించినారు" అన్నాడు ఇంగ్లీషులో కొంత, తెలుగులో కొంత. జడ్జి గారు నవ్వలేదు. ముద్దాయి ఒప్పుకోలేదని రాయించి, లీగల్ ఎయిడ్ లాయరును పెట్టమని ఉత్తర్వు ఇచ్చి, కేసు వాయిదా వేశారు. లాయరు చేసిన పని గురించి మాత్రం ఆ రోజు ఎవరూ ఒక్క మాట రాయలేదు.

లీగల్ ఎయిడ్ నుంచి వచ్చిన లాయరు మోహన్‌కృష్ణ. పెద్దగా మాట్లాడే రకం కాదు. వచ్చిన వారంలోనే బెయిలు పిటిషన్ వేశాడు, వేసిన కాగితం నకలు ఆదిశేషమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని సుస్మితకు ఫోటో తీసి పంపించి, నిజంగా బెయిలు పిటిషనేనా అని చదివించుకుంది. ఓబులయ్య బయటికి వచ్చాడు. ఇంటికి వచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని తినలేకపోయాడు. మరుసటి వారం ఒక్కడే నడుచుకుంటూ శీనమ్మ ఊరికి పోయాడు. ఆమె లోపలికి రమ్మనలేదు, పొమ్మనా లేదు. వాకిట్లో కాసేపు కూర్చుని వచ్చాడు.

శీనమ్మ పెట్టుకున్న అర్జీ మీద మళ్లీ విచారణ జరిగి, మెకానిక్కు పేరూ రాజమోహన్ పేరూ కేసులోకి ఎక్కాయి. రాజమోహన్ అరెస్టు కాకముందే బెయిలు తెచ్చుకున్నాడు. అతని తరఫున నిలబడింది ఎవరనుకున్నారు? నాగేంద్రబాబే. నిన్నటిదాకా ఓబులయ్య లాయరు, ఈ రోజు ఓబులయ్య ఎవరి పేరు చెబుతున్నాడో అతని లాయరు. ఇది కుదరదని మోహన్‌కృష్ణ అభ్యంతరం చెబితే, ఆయన ఏ మాత్రం చిన్నబుచ్చుకోకుండా "సరే, తప్పుకుంటాను" అని పక్కకు జరిగాడు. తర్వాతి వాయిదాకి ఆయన గదిలోనే పనిచేసే అల్లుడు నిలబడ్డాడు.

సుస్మిత ఊరుకోలేదు. లాయర్ల మీద ఫిర్యాదులు తీసుకునే కౌన్సిల్ ఒకటి ఉందని తెలుసుకుని, జరిగిందంతా టైపు చేయించి నాయన సంతకంతో పంపించింది. అందినట్టు జవాబు వచ్చింది. చాలాకాలానికి విచారణకు రమ్మన్నారు. ఆదిశేషమ్మ, ఓబులయ్య గొర్రెల్ని చుట్టాలకు అప్పజెప్పి కౌన్సిల్ ఆఫీసుకు అంత దూరం పోతే, నాగేంద్రబాబు రాలేదు. రెండోసారీ రాలేదు, ఒక జవాబు పంపించాడు. పేదవాళ్లని జాలిపడి ఫీజు తీసుకోకుండా చేశానని, ముద్దాయి ఒప్పుకుంటానంటేనే అలా సలహా ఇచ్చానని, రాజకీయ కక్షతో తన మీద ఉసిగొల్పారని అందులో ఉంది. సాక్షులెవరన్నా ఉన్నారా అని అక్కడి వాళ్లు అడిగారు. ఆదిశేషమ్మకు ప్రమీలారాణి గుర్తుకొచ్చింది. కానీ ఎక్కడా అనబాకండి అని ఆమె ముందే చెప్పింది. తిరిగి వచ్చాక కోర్టు ఆవరణలో ఆమెకు ఎదురుపడి, "నువ్వొక్క మాట అక్కడ చెప్తే చాలు తల్లీ" అని బతిమాలింది. ప్రమీలారాణి కళ్లు దించుకుని, "నాకు పిల్లలున్నారమ్మా" అని వెళ్లిపోయింది. ఆదిశేషమ్మకు ఆమె మీద కోపం రాలేదు. తనకూ అలాంటి భయమే ఉంది. తను నోరు తెరిచింది ఇంకో దారి లేకనే.

మళ్లీ కబురు చేస్తామన్నారు కౌన్సిల్ వాళ్లు. ఆ కబురు ఇంకా రాలేదు.

రాజమోహన్ చేను పక్కగా గొర్రెలు పోయే దారికి ముళ్లకంప పడింది. ఓబులయ్యకు ఊళ్లో ఎవరూ కాపలా పని ఇవ్వడం లేదు. మబ్బు పట్టి కరెంటు పోయి వస్తే, ఇంట్లో బల్బు టక్కున వెలిగినా అతను ఉలిక్కిపడతాడు. ఆదిశేషమ్మకు మాత్రం వాయిదా దగ్గర పడుతున్నదంటే చాలు, అన్నం లోపలికి పోదు. మోహన్‌కృష్ణ మంచివాడే అనిపిస్తుంది. నాగేంద్రబాబు కూడా మొదట్లో అలాగే అనిపించాడు కదా అని వెంటనే ఇంకో ఆలోచన వస్తుంది. అందుకే ఏ కాగితం మీద సంతకం అడిగినా, "చదివి చెప్పండి సార్, తప్పుగా అనుకోబాకండి" అంటుంది. ఆయన తప్పుగా అనుకోడు. చదివి చెబుతాడు.

పోయిన వాయిదాకి శీనమ్మ సాక్ష్యం ఉంది. ఇద్దరూ కోర్టు వరండాలో కూర్చుని ఉంటే నాగేంద్రబాబు కారు దిగి అటుగా వచ్చాడు. దారిలో నిలబడ్డ లాయర్లంతా ఆయనకు నమస్కారం పెట్టి పక్కకు తప్పుకున్నారు.

"ఏమ్మా, బాగుండావా? బిడ్డ చదువు అయిపోయినట్టేనా?" అన్నాడు, ఏమీ జరగనట్టు.

"బాగుండాం సార్" అంది ఆదిశేషమ్మ. తర్వాత లేచి నిలబడి, "కౌన్సిల్ విచారణకు మీరు ఎప్పుడొస్తారు సార్? మేం రెండుసార్లు వచ్చినాం" అని అడిగింది.

పక్కనున్న లాయర్లు మాట్లాడుకోవడం ఆపేశారు. ఆయన ఫోను తీసి చూసుకుంటూ హాల్లోకి పోయాడు.  ఆదిశేషమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది.

"ఆయన్ను చూస్తే నాకు లోపల నోరు రాదేమోనమ్మా" అంది శీనమ్మ. "ఏం జరిగిందని అడుగుతారు కదా? యాడ మొదలుపెట్టాల?"

"మీ ఆయన మెకానిక్కును చూసినానని నీతో చెప్పిన కాడి నుంచి మొదలుపెట్టు. ఈ లాయరు రాజమోహనయ్య కార్లో మీ ఇంటికొచ్చింది కూడా చెప్పు. అడక్కపోయినా చెప్పు."

లోపల నుంచి శీనమ్మ పేరు పిలిచారు. ఆమె లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఒకసారి వెనక్కు చూసి లోపలికి నడిచింది. ఆదిశేషమ్మ తలుపు దాకా పోయి, మాటలు వినపడే చోట నిలబడింది.